సొంతూరు అన్న గడిలో

కలిమెల బస్టాండు ఎదుట నాది జిరాక్సు కొట్టు.
కరెంటున్న పూట కాగితాలు,
లేని పూట కబుర్లు.

మిరప కోతలకి ముందు, రొయ్యల పట్టుబడికి ముందు
జనం వస్తారు.
కవరు, కవరులో ఇంకో కవరు,
దాని లోపల తడి తగలకుండా మడిచిపెట్టిన తాత.

మొన్న మంగళవారం నిరాపద బైరాగి వచ్చాడు.
పేరు చూసి నవ్వాను.
ఆపద లేనివాడా, ఎక్కడికి ప్రయాణం?
"కైకలూరు. చెరువు కాపలా. పదమూడు వేలు, బియ్యం వాళ్ళవే."
వాడికి మా తెలుగు వచ్చు, నాకు వాళ్ళ బంగ్లా సగం వచ్చు,
మిగతా సగం ఒడియాలో సర్దుకుంటాం.

కాంట్రాక్టరు ఫారం నింపితే పది రూపాయలు.
తండ్రి పేరు, హారాధన్.
వయసు, ఇరవై నాలుగు.
సొంతూరు, ఎమ్వీ అరవై ఏడు.

ఫోనులో అవతలి గుమాస్తా విసుక్కున్నాడు.
"ఇంటి నెంబరు కాదమ్మా, ఊరి పేరు చెప్పు."
అదే ఊరి పేరు.
"ఊరికి పేరుండదా?"

ఏం చెప్పను?
అడవి కొట్టి గీతలు గీసిన రోజుల్లో
పేర్లు పెట్టే తీరిక ఎవరికుంది.
లారీ దిగినవాళ్ళని లెక్కపెట్టారు,
అదే చేత్తో ఊళ్ళనీ లెక్కపెట్టేశారు.

వీడి తాత బరిశాల్ మనిషి.
పక్కింటికి భోజనానికి కూడా పడవేసుకుని పోయేవాడట.
ఇక్కడ ఆయనకి ఏడెకరాల రాళ్ళు, ఒక జత ఎడ్లు,
బిందెడు నీళ్ళకి మూడు మైళ్ళు.
మొదటి ఏడు వరి చల్లితే రాయి మొలిచిందని
చెప్పి చెప్పి, నవ్వి నవ్వి పోయాడు.
ఆయన శరణార్థి చీటీ గాజు మీద పరిచాను.
మడత దగ్గర చిరిగి ఉంది,
పాత ఊరి పేరు సరిగ్గా ఆ మడతలోనే పోయింది.
మెషీను వెలుతురు దాని మీంచి నడిచి వెళ్ళింది,
సోదాలో ఏమీ దొరకని పోలీసులా.

ఇదెందుకురా, ఆధార్ చాలదూ?
"అక్కడ నా మాట వింటే బంగ్లాదేశీ అంటారు, మాసీ."
నాలుగు కాపీలు తీసి మూడింటికే డబ్బు తీసుకున్నాను.
మంచితనం కాదు,
నాలుగోది మసగ్గా వచ్చింది.

బల్ల మీద మడ్కామి దేవె ఇదంతా వింటోంది.
ఆమెది మిరప కోత, ఖమ్మం వైపు, అదే బస్సు.
కాగితం ఒక్కటే, అదీ చెమ్మకి ఉబ్బిపోయింది.
"ఆ అరవై ఏడుకి పేరుంది" అంది కోయలో,
నాకోసం మళ్ళీ తెలుగులో.
పేరు చెప్పింది.
వాగూ, వాగు పక్క ఇప్పచెట్లూ కలిసిన పేరు.
"మా మావ అక్కడ కొర్ర చల్లేవోడు.
బుల్డోజరు వచ్చినాక పిలవడం మానేసినాం."

నిరాపద తలెత్తలేదు.
చెప్పు వారు తెగినచోటే చూస్తూ ఉండిపోయాడు.
ఎంతసేపటికో,
"మళ్ళీ చెప్పు, పెద్దమ్మా."
మళ్ళీ చెప్పింది.
వాడి నోట్లో అది సగం బంగ్లా అయింది.
ఆమె దిద్దలేదు. తమలపాకు నములుతూ బయటికి చూసింది.

నేను ఆ పేరు రాయలేదు.
ఏ రికార్డులోనూ లేదు,
ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకూ తెలీదు.
ఉప్పు బండితో చింతూరు నుంచి వచ్చి
ఇక్కడే ఉండిపోయిన మా నాన్నని
సొంతూరేదని ఎవరూ అడగలేదు,
ఆ మాటా అప్పుడే తట్టింది.
ఎమ్వీ అరవై ఏడు. సంతకం. తేదీ.

ఆరింటి బస్సు ఏడున్నరకి వచ్చింది.
ఇద్దరికీ ఒకే సీటు దొరికింది,
మధ్యలో ఆమె చోళ్ళ మూట.
మోటు దాటితే శబరి,
శబరి దాటితే ఫోన్లు తెలుగులో పలకరిస్తాయి.

మర్నాడు తీసిన ప్రతి కాపీలోనూ ఒక మచ్చ.
రేషన్ డీలరు లెక్కల్లో, పట్టా నకలులో,
ఎవరిదో పెళ్ళి పత్రికలో పెళ్ళికొడుకు ఊరి పేరు మీద.
చూస్తే గాజుకి అంటుకుని
గోరంత పసుప్పచ్చ పెచ్చు,
ఆ చీటీ మడతలోంచి రాలింది.
తుడవమని అందరూ అన్నారు.
సాయంత్రం దాకా తుడవలేదు.